సంతకంతో సరిపోదు



మన ఊరి బడిని నడిపేది ఎవరని అడిగితే ప్రభుత్వం అంటాం. హెడ్మాస్టరు అంటాం. మండల విద్యాధికారి అంటాం. గట్టిగా అడిగితే కలెక్టరు అంటాం. చట్టం మాత్రం మన పేరు చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండి తీరాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన చోటు దక్కాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయటం, బడికి వచ్చిన ప్రతి రూపాయీ ఎటు పోయిందో గమనించటం ఈ కమిటీ బాధ్యతలు. ఆ ప్రణాళికే ప్రభుత్వ నిధులకు ఆధారం కావాలని 22వ సెక్షను చెబుతోంది.

2010 ఏప్రిల్ 1 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. నిజానికి మనకు ఇది అంతకంటే పాత సంగతి. 1998లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బడి నిర్వహణలో ప్రజల భాగస్వామ్యం కోసం చట్టం చేసింది. ఆనాటి విద్యా కమిటీలు మన పల్లెల్లో చాలామందికి గుర్తే. పాతికేళ్లకు పైగా అధికారం మన గుమ్మంలో ఉంది. దానితో మనం చేసింది ఏమిటి?

సంతకం చేశాం.

రిజిస్టరు మన ఇంటికి వచ్చింది. మనం ఇంట్లో లేకపోతే కలుపు తీస్తున్న చేనిగట్టు మీదికి వచ్చింది. వేలు పెట్టి చూపిన చోట పేరు రాశాం. రాయలేనివాళ్లం వేలిముద్ర వేశాం. పైన రాసింది చదవలేదు. చదివి వినిపించమని అడగలేదు. తెచ్చినవారిని తప్పుపట్టి మనం తప్పుకోవటం న్యాయం కాదు. వారికి పై నుంచి ఫోను వచ్చింది. సాయంత్రంలోగా తీర్మానం పంపాలన్నారు. పంపకపోతే సంజాయిషీ ఇవ్వాలన్నారు. కాబట్టి జరగని సమావేశం జరిగినట్టు కాగితం మీదికి ఎక్కింది. రాని సభ్యులు వచ్చినట్టు నమోదయ్యారు. బడిలో ఏమీ మారలేదు.

ఇంకో చోట సమావేశం నిజంగానే జరుగుతుంది. పగలు 11 గంటలకు జరుగుతుంది. ఆ వేళ తల్లి మిరప చేలో ఉంటుంది. తండ్రి ఉపాధి హామీ పనిలో ఉంటాడు. రావాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి. వచ్చేది ఎవరు? తీరిక ఉన్నవారు, మోటారు సైకిలు ఉన్నవారు. కమిటీకి అధ్యక్షురాలు ఒక తల్లి. కుర్చీలో కూర్చున్నది ఆమె భర్త. ఇందులో నవ్వుకోవలసింది ఏమీ లేదు. బడికి పిల్లలను పంపేది పేదలు, బడి గురించి మాట్లాడేది ఇతరులు అయితే ఆ కమిటీ ఎవరి కమిటీ? మన మొదటి పట్టుదల ఇక్కడే కావాలి. సమావేశం చీకటి పడ్డాక పెట్టమని అడుగుదాం. కూలి పోని రోజున పెట్టమని అడుగుదాం. తీర్మానం రాసిన మాస్టారే దాన్ని గట్టిగా చదివి వినిపించాలని అడుగుదాం. అధ్యక్షురాలి కుర్చీలో అధ్యక్షురాలే కూర్చోవాలని అడుగుదాం. వినని తీర్మానం మీద సంతకం పెట్టం అని మర్యాదగా చెబుదాం.

ఇక డబ్బు సంగతి. ఉపాధ్యాయుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. వాటిలో కమిటీకి జోక్యం లేదు. సమగ్ర శిక్ష కింద కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరించే నిధుల్లోంచి బడికి ఏటా ఒక గ్రాంటు వస్తుంది. దాని లెక్క ప్రతి తల్లికీ కంఠస్థం కావాలి. 30 మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10,000 రూపాయలు. 100 మంది వరకు 25,000. 250 వరకు 50,000. 1,000 వరకు 75,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. చాక్‌పీసులు, రిజిస్టర్లు, పాడైన కుళాయి, చీపురు, ఫినాయిలు అన్నీ ఇందులోంచే. పదివేలతో ఒక బడి ఏడాదంతా గడవదు. ఆ మాట ప్రభుత్వానికి చెప్పవలసిందీ మనమే. చెప్పాలంటే ముందు లెక్క తెలియాలి. రాములవారి కల్యాణానికి వంద రూపాయలు చందా ఇచ్చినవాడు పందిరి ఖర్చెంతో, పానకం బెల్లం ఎంతో గుడి అరుగు మీద నిలదీసి అడుగుతాడు. ఎవరూ తప్పుపట్టరు. బడి డబ్బు కూడా మన పన్నుల డబ్బే. అంత ధీమాగానే అడగాలి. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత అని గోడ మీద రాయించాలి.

మనకు చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2019 నవంబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బడుల బాగు పథకం నాడు-నేడు తొలి విడతలో 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే నడిచాయి. ఏడో తరగతి కూడా చదవని తల్లులు సిమెంటు బస్తాలు లెక్కపెట్టారు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో మంచినీరు, మరుగుదొడ్లు, మరమ్మతుల పనులు మహిళా సంఘాలకు అప్పగించారు. పొదుపు సంఘం నడిపిన చేయి బడి లెక్క నడపలేదా? ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి, గోడల రంగులు మారతాయి. కుళాయి కారకుండా చూసే బాధ్యత మారదు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద మాట. పిల్లలకు చదువు వస్తోందా?

అసర్ 2024 సర్వే దేశమంతటా పల్లెలకు వెళ్లి ఇదే అడిగింది. ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. అంటే నలుగురిలో ఒక్కరు కూడా కాదు. 2022లో అది 16.3 శాతమే. రెండేళ్లలో ఏడు శాతం పాయింట్లు పెరిగింది. మనసుపెట్టి పనిచేస్తే మార్పు వస్తుందనటానికి ఆ పెరుగుదలే సాక్ష్యం. మన పిల్లల చదువు తెలియటానికి మన ఊరికి సర్వే రానక్కరలేదు. రాత్రి అన్నం తిన్నాక పిల్లవాడి చేతికి తెలుగు వాచకం ఇవ్వండి. చదవమనండి. చదువురాని తల్లి కూడా బిడ్డ గొంతు తడబడుతోందో లేదో వినగలదు. తడబడితే కొట్టకండి. మర్నాడు బడికి వెళ్లండి. "మా వాడికి వత్తులు రావటం లేదు సార్, ఏం చేద్దాం?" అని అడగండి. పిల్లల హాజరు, చదివే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై చెప్పటం ఉపాధ్యాయుల విధి అని 24వ సెక్షను చెబుతోంది. ఆ మాట అడగటానికి మీరు మొహమాటపడనక్కరలేదు.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ముగ్గులు వేశారు. తోరణాలు కట్టారు. కలిసి భోంచేశారు. మంచిదే. పండగ రోజు వచ్చినవాళ్లం మామూలు మంగళవారం కూడా వస్తేనే దానికి అర్థం.

ఉపాధ్యాయుల పట్ల మన బాధ్యత కూడా చెప్పుకోవాలి. పిల్లలు 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం ఒక్క టీచరుతో నడిచే బడులు దేశంలో లక్ష దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే 12,912. మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఆ ఒక్కరే అయిదు తరగతులకు చెబుతారు. ఆ ఒక్కరే మధ్యాహ్న భోజనం చూస్తారు. ఆ ఒక్కరే యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తారు. ఆయనకు జ్వరం వస్తే బడికి తాళం. కమిటీ ఆయన మీద తనిఖీదారు కాకూడదు, ఆయన వెనుక నిలిచే బలగం కావాలి. రెండో టీచరు కోసం అర్జీ ఆయన రాస్తే ఉద్యోగి గోడు, మనం రాస్తే ఊరి తీర్మానం. 2024లో తెలంగాణ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ నిర్వహించాయి. అలా వచ్చిన కొత్త పంతులమ్మకు ఊళ్లో అద్దె ఇల్లు దొరికేలా చూడటం కూడా దేశసేవే.

తెలంగాణలో అవే యూడైస్ లెక్కలు మరో నిజం చెప్పాయి. ఒక్క పిల్లవాడూ చేరని బడులు 2,245. గోడలున్నాయి, గంట ఉంది, పిల్లలు లేరు. ఎందుకు లేరో మనకు తెలుసు. పొద్దున్నే ప్రైవేటు బడి పసుపు రంగు బస్సు వస్తుంది. టై కట్టుకున్న పిల్లలు ఎక్కుతారు. అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రులను నిందించే హక్కు ఎవరికీ లేదు. ఒక్క మాట మాత్రం వారితో చెప్పాలి. బిడ్డను బస్సెక్కించినప్పుడు కమిటీలో మీ ఓటు పోయింది. బడి పట్ల మీ బాధ్యత పోలేదు. పక్కింటి పాప ఇంకా ఆ బడికే వెళ్తోంది. మీ పొలంలో పనిచేసేవారి పిల్లలు ఇంకా ఆ బడికే వెళ్తున్నారు. సర్పంచిని, వార్డు సభ్యుణ్ణి ఎన్నుకునే ఓటు ఇంకా మీ దగ్గరుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఒకటి. గ్రామసభలో బడి ఊసెత్తండి.

దూరదేశాల్లో ఉన్న మన పిల్లలకూ ఒక మనవి. న్యూజెర్సీలో ఇల్లు కొన్నవారు కట్టే ఆస్తిపన్నులో సగటున సగానికి పైగా అక్కడి బడులకే వెళ్తుంది. పిల్లలు లేనివారూ కడతారు, పిల్లలు పెద్దవాళ్లయినవారూ కడతారు. స్కూల్ బోర్డు సభ్యులు జీతం లేకుండా పనిచేస్తారు. బడ్జెట్ మీద బహిరంగ విచారణ పెడతారు, ఎవరైనా లేచి అడుగుతారు. మీరు అక్కడ అడిగారు. అక్కడ నేర్చారు. ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం బడికి సింహద్వారం కట్టించి, తాతగారి పేరు చెక్కించి విమానం ఎక్కుతున్నారు. తాతగారి పేరు నిలవాలి, కాదనం. ద్వారం వెనుక గ్రంథాలయంలో పుస్తకాలు కూడా ఉంటే తాతగారు ఇంకా సంతోషిస్తారు. డబ్బు పంపే ముందు కమిటీని అడగండి. ఏది అవసరమో వారు చెబుతారు. పంపాక లెక్క కూడా అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 8న కమిటీ ఎన్నికలు జరిగాయి. కమిటీ గడువు రెండేళ్లు. ప్రతి తరగతి నుంచి తల్లిదండ్రులు ముగ్గురిని ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు మహిళలు ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, వార్డు సభ్యుడు కూడా ఆ బల్ల చుట్టూ కూర్చుంటారు. అధ్యక్ష ఉపాధ్యక్షులను తల్లిదండ్రుల్లోంచే ఎన్నుకుంటారు. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరో పెద్దమనిషి జేబులోంచి పేర్ల చీటీ తీసి "అంతా ఏకగ్రీవం" అనే లోపే మనం అక్కడ ఉండాలి. ఓటర్ల జాబితాలో మీ పేరు చూసుకోండి. లేకపోతే రాయించండి. పక్కవీధి తల్లిని వెంటబెట్టుకు వెళ్లండి. పోటీ చేయటానికి ఆమె జంకితే ఆమె పేరు మీరు ప్రతిపాదించండి, మీ పేరు ఆమె చేత ప్రతిపాదింపజేయండి.