స్కానర్ అడిగితే లైసెన్స్ పరీక్ష చూపించండి

మన ఎనిమిదో తరగతిలో ఇప్పుడు కొత్త మోజు, చేతిలో పట్టే రేడియో స్కానర్. "మేడమ్, దాంట్లో పైలట్లు మాట్లాడుకునేది వినిపిస్తదంట!" అంటున్నారు. పిల్లలు చెప్పేది నిజమే. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య విమానాల మాటలు నడుస్తుంటాయి. స్కానర్ ఒక్కో ఫ్రీక్వెన్సీని తడుముతూ పోయి, ఎక్కడ మాట దొరికితే అక్కడ ఆగుతుంది.

కొనిపెట్టమంటారా అని కొందరు నన్ను అడిగారు. వద్దన్నాను. అలాగని ఆ మోజును మాత్రం చంపకండి.

వద్దనడానికి కారణం చట్టం. పాటలు, వార్తలు వినే మామూలు రేడియో సంగతి వేరు. వైర్‌లెస్ సెట్లు దగ్గర పెట్టుకోవడానికి అనుమతి కావాలని 1933 నుంచీ మన దేశంలో చట్టం ఉంది. మనవి కాని పోలీసు సందేశాలను చాటుగా వినడం సరదా కానే కాదు. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అంటారా? లైసెన్స్ సంగతి చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఆన్‌లైన్ వేదికలకు నోటీసులిచ్చింది. అఫ్జల్‌గంజ్ నుంచి నాలుగడుగులు వేస్తే కోఠి గుజరాతీ గల్లీ. అక్కడ ఎలక్ట్రానిక్ సామాను ఏదైనా దొరుకుతుంది, లైసెన్స్ తప్ప.

మోజును చంపొద్దనడానికి కారణం హామ్ రేడియో. 12 ఏళ్లు నిండిన పిల్లలు ప్రభుత్వ పరీక్ష రాసి హామ్ లైసెన్స్ పొందవచ్చు. రేడియో ఎలా పనిచేస్తుంది, నియమాలేమిటి అన్నవే ప్రశ్నలు. పెద్ద గ్రేడు కావాలంటే మోర్స్ కోడ్ కూడా రావాలి. మన నగరంలోనే సోమాజిగూడలో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ సెట్‌తోనే ఉన్నారు. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో "మావాళ్లు బతికే ఉన్నారా" అన్న ప్రశ్నలు, జవాబులు ఆ సెట్ మీదుగానే వెళ్లాయి. 1908 మూసీ వరద చూసిన అఫ్జల్‌గంజ్‌కు ఈ మాట విలువ వేరే చెప్పాలా? ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి బతికిన సుమారు 150 మంది కబురు ఇంటివాళ్లకు చేరే దారే లేదు ఆనాడు.

ఇంగ్లీష్ టీచర్‌గా నాకు ఇందులో స్వార్థం కూడా ఉంది. ఫోన్‌లో పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు బి, డి, పి, టి ఒకేలా వినిపించి అందరం తిప్పలు పడతాం. రేడియోవాళ్లు బ్రావో, డెల్టా, పాపా, టాంగో అంటారు, ఇక గందరగోళం ఉండదు. క్లాసులో పిల్లలతో వాళ్ల పేర్లు ఇలాగే చెప్పిస్తున్నాను. ఎప్పుడూ గొంతు విప్పని ఒకమ్మాయి అందరికంటే స్పష్టంగా చెప్పింది.

వినడం కూడా నేర్చుకోవాల్సిన పనే. సెట్ మీద స్క్వెల్చ్ అని ఒక మీట ఉంటుంది. బుస్సుమనే చప్పుడు ఆగేంత వరకే దాన్ని తిప్పాలి. ఇంకాస్త తిప్పితే బలహీనమైన గొంతు కూడా ఆ చప్పుడుతో పాటే పోతుంది. ఈ తరంగాలు ఇంచుమించు నేరుగా పోతాయి కాబట్టి, ఇరుకు గల్లీలో అందనిది డాబా మీద అందుతుంది.

ప్రస్తుతానికి ఇంట్లో మూలన పడ్డ షార్ట్‌వేవ్ రేడియో ఉంటే దుమ్ము దులిపి పిల్లల చేతికివ్వండి. రాత్రిపూట దూరదేశపు స్టేషన్లు వెతకమనండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం వినిపించిందో నోట్‌బుక్‌లో రాయించండి. 12 నిండినవాళ్లయితే పరీక్ష సంగతి కనుక్కోండి.