పీఈ చూసి పైసలు పెట్టొద్దు

కంది పైసలు చేతికొచ్చే నెలలివి. క్వింటాల్‌కు 2025-26 పంటకు ప్రకటించిన 8,000 రూపాయల మద్దతు ధర దక్కినా దక్కకున్నా, పరిగి, తాండూరు, వికారాబాద్‌లలో రైతు ఖాతాలో ఏడాది మొత్తమ్మీద నాలుగు రూకలు కనిపించేది ఇప్పుడే. మన్నెగూడ నుంచి ఇటు రోడ్డు పక్క భూములు అమ్ముకున్నవాళ్ల దగ్గర అంతకంటే పెద్ద మొత్తాలున్నాయి. సరిగ్గా ఆ సొమ్ము మీదే కన్నేసిన మెసేజులు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ‘ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ, పీఈ రెండే, ఇంత చవక మళ్లీ దొరకదు’ అన్నది వాటి సారం. అది నమ్మి ఇవాళో రేపో డీమ్యాట్ ఖాతా తెరవబోతున్నవారు ఒక్కరోజు ఆగండి. ఆ అంకె అబద్ధమైతే పట్టుకోవడం తేలికయ్యేది. అది నిజంగానే లెక్కకు వచ్చే అంకె కావడంతోనే చిక్కు వచ్చిపడింది.

షేరు ధరను ఆ షేరు వంతుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తే వచ్చేదే పీఈ. భూమి భాషలో చెప్పాలంటే ఎకరం ధరను ఏడాది కౌలుతో భాగించడం. ఎకరం 40 లక్షలు, కౌలు 10 వేలు అనుకుందాం. పీఈ 400. కౌలు కోసం ఎవడూ 40 లక్షలు పెట్టడు. రింగు రోడ్డు వస్తుందనో, వెంచర్ పడుతుందనో పెడతాడు. అంటే ఆ ధరలో పంటకిచ్చింది కొంచెం, ఆశకిచ్చింది అంతా. ఇప్పుడు అదే ఎకరంలో నాపరాయి బయటపడి, ఒక్క ఏడాదిలో తవ్వి అమ్మగా 20 లక్షలు వచ్చాయనుకోండి. భాగిస్తే పీఈ 2. భూమి చవకైందా? వచ్చే ఏడు అక్కడ మిగిలేది గుంత.

ఎలక్ట్రిక్ కార్ల షేర్లలో ఈ రెండు కథలూ నడుస్తున్నాయి. రెండోదే ఎక్కువ మందిని ముంచుతుంది, ఎందుకంటే అది చవక వేషంలో వస్తుంది.

మన దేశంలో ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాల్లో ఏళ్లుగా ముందున్నది టాటా. 2025 అక్టోబరులో టాటా మోటార్స్ రెండుగా విడిపోయింది. లారీలు, బస్సులు ఒక కంపెనీకి, కార్లు మరో కంపెనీకి వెళ్లాయి. నవంబరులో కార్ల కంపెనీ జులై-సెప్టెంబరు ఫలితాలు ప్రకటించింది. నికర లాభం 76,170 కోట్ల రూపాయలు! అప్పటికి ఆ కంపెనీ షేర్లన్నింటి విలువ సుమారు 1.4 లక్షల కోట్లు. ఆ మూడు నెలల లాభంతోనే భాగించినా పీఈ రెండు దాటదు. అయితే అదే ఫలితాల్లో ఇంకో అంకె ఉంది. విభజన కారణంగా పుస్తకాల్లో రాసుకున్న లాభం 82,616 కోట్లు. ఒక్క రూపాయి కూడా కారు అమ్మగా వచ్చింది కాదు, మళ్లీ వచ్చేదీ కాదు. దాన్ని తీసేస్తే మిగిలేది ఆరు వేల కోట్లకు పైగా నష్టం. ఈ కార్ల కంపెనీకే చెందిన బ్రిటన్‌లోని జాగ్వార్ ల్యాండ్‌రోవర్ మీద సైబర్ దాడి జరిగి సెప్టెంబరులో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కార్ల కంపెనీ రాబడిలో సింహభాగం ఆ బ్రిటన్ వ్యాపారానిదే. తాండూరు రోడ్డు మీద టాటా నెక్సాన్ ఈవీలు పెరిగాయని చూసి ఈ షేరు కొన్నవాళ్లు, కొన్నది ఎక్కువగా ఇంగ్లండ్ కార్ల వ్యాపారాన్నని గుర్తించాలి.

కంపెనీ ఇందులో ఏమీ దాచలేదు. ఫలితాల పత్రంలో విడదీసిన వ్యాపారాల (‘డిస్‌కంటిన్యూడ్ ఆపరేషన్స్’) వరుసలో అంతా రాసింది. ఆ వరుస ఫోన్ యాప్‌లో పీఈ పక్కన కనిపించదు. గడిచిన నాలుగు త్రైమాసికాల లాభం కలిపి పీఈ లెక్కించే యాప్‌లు కొన్ని ఇలాంటివాటిని సవరిస్తాయి, కొన్ని సవరించవు. సవరించని చోట ఆ అంకె ఏడాది పాటు ఊరిస్తూనే ఉంటుంది. మెసేజులు పంపేవాడు ఏ యాప్ స్క్రీన్‌షాట్ ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు.

అమెరికా టెస్లాదీ ఇలాంటి పాఠమే. 2020లో దాని నికర లాభం 72 కోట్ల డాలర్లు. అదే ఏడాది కాలుష్య నిబంధనలు అందుకోలేని ఇతర కార్ల కంపెనీలకు క్రెడిట్లు అమ్మి సంపాదించింది 158 కోట్ల డాలర్లు. ఆ క్రెడిట్లు లేకుంటే నష్టమే. 2021 మొదట్లో పీఈ వెయ్యి దాటినా జనం ఎగబడి కొన్నారు. 2022 ఒక్క ఏడాదిలోనే షేరు 65 శాతం పడింది. 2023లో లాభం 1,500 కోట్ల డాలర్లకు చేరి పీఈ బాగా దిగినట్టు కనిపించింది. అందులో 590 కోట్లు ఒక్కసారికి మాత్రమే కలిసొచ్చిన పన్ను లెక్క. 2024లో లాభం 710 కోట్లకు జారిపోయింది. మన దగ్గరా అంతే. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే. ఆ తర్వాత గిరాకీ ఎలా ఉంటుందన్నది సచివాలయంలో తేలే విషయం, పీఈలో దొరకదు.

ఇక పీఈ పెద్దదైతే భవిష్యత్తు పెద్దదని నమ్మేవాళ్లకు సాక్ష్యం మన పక్కనే ఉంది. చేవెళ్ల దాటి పక్కకు తిరిగితే షాబాద్ మండలం సీతారాంపూర్. ఎలక్ట్రిక్ బస్సులు తయారుచేసే ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ ఫ్యాక్టరీ అక్కడే. కార్లు కాకున్నా లెక్క అదే. 2024 ఫిబ్రవరిలో దాని షేరు 2,200 రూపాయలు తాకింది. 2023-24 లాభం దాదాపు 77 కోట్లు. ఆ లాభంతో చూస్తే పీఈ 230కి పైనే. మరుసటి ఏడాది లాభం సుమారు 139 కోట్లకు పెరిగింది. షేరు మాత్రం 2025 మార్చి చివరికి 1,200 దిగువకు వచ్చింది. కంపెనీ తన పని తాను చేసింది, లాభం దాదాపు రెట్టింపు చేసింది, అయినా శిఖరం దగ్గర కొన్నవాడి సొమ్ము సగమైంది. ఆర్డర్ల మీద కట్టిన ఆశా అంత గట్టిది కాదు. 2023లో అట్టహాసంగా ప్రకటించిన మహారాష్ట్ర ఆర్టీసీ 5,150 బస్సుల ఒప్పందాన్ని, అందజేతలో జాప్యం జరిగిందంటూ రద్దు చేయమన్నానని ఆ రాష్ట్ర రవాణా మంత్రి 2025 మేలో ప్రకటించారు. ఆర్డరు వేరు, డెలివరీ వేరు, బిల్లు పైసలు రావడం ఇంకా వేరు.

అసలు లాభమే లేని కంపెనీకి పీఈ ఉండదు. 2024 ఆగస్టులో 76 రూపాయలకు షేర్లు జారీ చేసిన ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ రోజుల్లోనే 150 దాటి, 2025లో 50 దిగువకు పడింది. 2024-25లో నష్టం రెండు వేల కోట్ల పైనే. యాప్‌లో పీఈ దగ్గర గీత మాత్రమే కనిపిస్తే దాన్ని లోపం అనుకోకండి. అదే సమాచారం.

లాభం అంకే నమ్మదగనిదైతే? జెన్‌సోల్ ఇంజినీరింగ్ అహ్మదాబాద్ సోలార్ కంపెనీ. ఎలక్ట్రిక్ కార్లు తయారుచేస్తానని 2025 జనవరిలో 30 వేల ముందస్తు ఆర్డర్లు ప్రకటించింది. అవి తొమ్మిది సంస్థలతో రాసుకున్న అవగాహన పత్రాలేనని, వాటిలో ధర గానీ గడువు గానీ లేవని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏప్రిల్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో తేల్చింది. పుణె దగ్గర చాకన్ ప్లాంటుకు తనిఖీకి వెళ్తే కనిపించింది ఇద్దరు ముగ్గురు కూలీలు. 6,400 వాహనాల కోసం ప్రభుత్వ రంగ సంస్థల నుంచి అప్పు తెచ్చి, కొన్నది 4,704. 2024లో 1,100 దాటిన షేరు ఆ ఉత్తర్వు నాటికి 130 దరిదాపుల్లో ఉంది. ధర ఎనిమిదో వంతుకు పడితే, పాత లాభంతో లెక్కించే పీఈ కూడా ఎనిమిదో వంతుకు పడుతుంది. పడుతున్న కొద్దీ ‘చవక’ అని కొన్నవాళ్లు లోయర్ సర్క్యూట్లలో (ఒక్క రోజులో ధర అంతకు మించి పడకుండా ఆపే హద్దు) ఇరుక్కుని, అమ్ముదామన్నా కొనేవాడు లేక చూస్తూ కూర్చున్నారు. మార్చి మొదటి వారంలోనే కేర్, ఇక్రా సంస్థలు అప్పుల రేటింగ్‌ను అట్టడుగు ‘డి’కి దించాయి. పీఈ చెప్పని నిజాన్ని ఆ వార్త సెబీ ఉత్తర్వు కంటే ఆరు వారాలు ముందే చెప్పింది.

ఇది తెలుగువాళ్లకు కొత్త కూడా కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తప్పుడు లెక్కలు ఒప్పుకున్న లేఖ బయటపడే ముందు రోజు దాకా ఆ కంపెనీ పీఈ పది లోపే, చూడముచ్చటగా ఉంది. ఒక త్రైమాసికానికి 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం అసలుకు 61 కోట్లని ఆ లేఖే ఒప్పుకుంది. హైదరాబాద్‌లో ఆ షేర్లు పెట్టుకుని పిల్లల పెళ్లిళ్లు తలపెట్టిన కుటుంబాలు ఎన్నో.

కాబట్టి ఎలక్ట్రిక్ వాహనాల షేరు కొనాలనే ఉంటే, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే ఫలితాల పత్రం తెరవండి. ఇంట్లో బీకాం చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. అసాధారణ అంశాలు, విడదీసిన వ్యాపారాల వరుసలు తీసేశాక లాభం ఎంత మిగిలింది? వ్యాపారం నుంచి నగదు నిజంగా వచ్చిందా, లేక లాభం కాగితం మీదే ఉందా? ప్రమోటర్లు తమ షేర్లు ఎంత తాకట్టు పెట్టారు? రేటింగ్ ఎప్పుడు మారింది? ఈ నాలుగింటికీ జవాబు దొరక్కపోతే ఆ షేరు మీకు కాదు. అప్పు తెచ్చిన పైసలు, విత్తనాలకూ ఎరువులకూ ఉంచుకున్న పైసలు అయితే జవాబు దొరికినా కాదు.

ఫీజు తీసుకుని టిప్పులిచ్చేవాడిని సెబీ నమోదు నంబరు అడగండి. రీసెర్చ్ అనలిస్టుకైతే అది ‘ఐఎన్‌హెచ్’తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కైతే ‘ఐఎన్‌ఏ’తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో పేరుతో సరిచూడండి. సొమ్మును ఎవరో వ్యక్తి ఖాతాకో, ప్లేస్టోర్‌లో లేని యాప్‌లోకో వేయమంటే అది షేర్ల వ్యాపారమే కాదు. ఇప్పటికే వేసి ఉంటే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచే కొద్దీ ఆ సొమ్మును బ్యాంకులో ఆపడం కష్టమవుతుంది.