తాపీ లాక్కుంటే తాగుడు మానడు

తాగుడు మానడానికి చికిత్స చేయించుకుని వచ్చిన తాపీ మేస్త్రీ గురించి మన ఊళ్ళలో అందరిదీ ఒకటే మాట: ‘వాణ్ణి మళ్ళీ కట్టుబడి పనికి పంపొద్దు, అక్కడే చెడిపోయాడు. ఎక్కడైనా వాచ్‌మన్‌గా పెట్టించండి.’ ఇంట్లోవాళ్ళు అంటారు, బంధువులు అంటారు, మేలుకోరే డాక్టర్లూ కొందరు అంటారు. పని నేర్పించే సంగతి ఎత్తితే ఇంకో మాట వస్తుంది: ‘ముందు పూర్తిగా మారనివ్వండి. ఇప్పుడే వాడి మీద డబ్బు పెట్టడం దండగ.’ ప్రేమతో అన్నా సరే, ఈ రెండు మాటలూ తప్పే.

ఏళ్ళ తరబడి ఇటుక మీద ఇటుక పేర్చినవాడికి చేతిలో ఉన్న విద్య అదొక్కటే. వాచ్‌మన్ జీతం అతని ఇంటి ఖర్చుకు ఏ మూలకీ రాదు. పైగా రాత్రంతా ఒంటరిగా కూర్చునే కొలువు. తాగాలన్న కోరికతో పెనుగులాడే మనిషికి అంతకంటే చెడ్డ చోటు ఉండదు. అప్పులవాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి అతను మళ్ళీ కట్టుబడికే పోతాడు. అయితే ఈసారి పాత మేస్త్రీలు పిలవరు, నమ్మకం పోయింది కదా. తెల్లారేసరికి లేబర్ అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట ఇసుక మోయడానికి వెళ్తాడు. ఎవరూ పిలవని రోజున ఏం జరుగుతుందో ఆ ఇంటి ఆడవాళ్ళకు బాగా తెలుసు. కట్టుబడికి వెళ్ళకుండా అతన్ని ఎవరూ ఆపలేరు. పనిమంతుడిగా వెళ్తాడా, అడ్డా కూలీగా వెళ్తాడా అన్నది మాత్రం మనం తేల్చగలం.

ఇంటివాళ్ళ భయంలో నిజం లేదని అనను. స్లాబ్ వేసిన సాయంత్రం యజమాని కోడికూరతో పాటు సీసాలూ ఇవ్వాలి, ఇవ్వకపోతే పిసినారి అంటారు. వారం బట్వాడా నగదుగా చేతికొస్తుంది. ఆ డబ్బు ఇల్లు చేరాలంటే దారిలో వైన్ షాపునో బెల్టు షాపునో దాటాలి. ఒళ్ళు నొప్పులకు క్వార్టర్ వేస్తే సరిపోతుందని పెద్ద మేస్త్రీలే కుర్రాళ్ళకు నేర్పుతారు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. దానికి అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సి రావచ్చు. ఇన్ని ఉన్నా, ఇవేవీ ఆ ఒక్క మనిషి పెట్టిన ఆచారాలు కావు. ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు, గుత్తేదార్లు, మేస్త్రీలు కలిసి నిలబెట్టినవి. వాటిని మార్చమంటే అందరికీ మొహమాటం. మనిషిని పనిలోంచి తప్పించడానికి మాత్రం ఎవరికీ రూపాయి ఖర్చు లేదు, అందుకే ఆ సలహా అంత చలామణీలో ఉంది.

ఇక ‘ముందు మారనివ్వండి’ అనేవాళ్ళ సంగతి. మానిన మొదటి వారం గురించైతే నేనూ ఒప్పుకుంటాను. చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ రోజుల్లో మనిషి ఆసుపత్రిలోనే ఉండాలి. కానీ ‘పూర్తిగా’ మారడానికి తేదీ ఎవరు చెప్పగలరు? చాలామంది మానాక జారతారు, మళ్ళీ మానతారు. ఎయిమ్స్ జరిపిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అది తేల్చింది. అన్ని అడ్డంకులు దాటి చికిత్స దాకా వచ్చినవాణ్ణి, మారినట్టు రుజువు తెమ్మని గుమ్మం బయట నిలబెట్టడం అన్యాయం.

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ సిల్వర్‌మన్ బృందం మత్తుకు బానిసలైనవారికి శిక్షణతో పాటు జీతమున్న పని ఇచ్చింది. పరీక్షలో మత్తు లేదని తేలితేనే ఆ పని, ఆ జీతం. షరతు ఉన్నంతకాలం చాలామంది నిలబడ్డారు. షరతు తీసేశాక వాళ్ళలో ఎంతోమంది జారిపోయారు. పని దొరికితే తాగుడు దానంతటదే పోతుందని నమ్మేవాళ్ళకూ, మానాకే పని అనేవాళ్ళకూ ఇందులో జవాబుంది. పని, మత్తు పరీక్ష, చికిత్స మూడూ ఒకేసారి నడవాలి.

అలాగని ఎవరినిపడితే వాళ్ళను పరంజా ఎక్కించమనను. ఏళ్ళ తాగుడు నరాలను దెబ్బతీస్తుంది. పాదాలు మొద్దుబారతాయి, నడకలో తూలుడు మిగులుతుంది. కొన్ని మాత్రలకు నిద్ర ముంచుకొస్తుంది. అందుకని తొలి నెలల్లో టైల్స్ పరవడం, కడ్డీలు వంచి కట్టడం, ప్లంబింగ్ లాంటి నేలమీది పనులే నేర్పాలి. థిన్నర్ పీల్చే అలవాటున్నవాణ్ణి పెయింటింగ్‌లో చేర్చకూడదు. పొద్దున పనిలోకి దిగేముందు ఊది చూసే పరీక్ష మేస్త్రీతో సహా అందరికీ పెట్టాలి. మానినవాడికి ఒక్కడికే పెడితే అది అవమానం. కూలి బ్యాంకు ఖాతాలో పడాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళే పూట కూలి కోయకూడదు. జారినవాణ్ణి ఆ రోజుకు ఇంటికి పంపి, చికిత్స చూపించి, మళ్ళీ రానివ్వాలి.

అసలు కట్టుబడి పనే ఎందుకంటే, ఇందులో మనిషి కష్టానికి సాయంత్రానికల్లా సాక్ష్యం దొరుకుతుంది. రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలుస్తుంది, లేదా నిలవదు. తూకం గుండు వేలాడదీస్తే గోడ సంగతి తేలిపోతుంది. దానికి ఎవరి జాలీ అక్కర్లేదు, ఎవరి అనుమానమూ అడ్డురాదు. ఇంటా బయటా పనికిరానివాడు అనిపించుకున్న మనిషికి ఇది చాలా పెద్ద విషయం.

డబ్బు లేదన్న మాట నేను నమ్మను. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టాలతో మొదలైన ఏర్పాటు ప్రకారం కట్టడాల ఖర్చులో 1 శాతం సెస్ కార్మికుల సంక్షేమం పేరున వసూలవుతోంది. ఆ సొమ్ము కార్మికులకు చేరడం లేదని 2018లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను తప్పుపట్టింది. పని నేర్పడానికి 1998లో మొదలైన న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది. ఇంకో చిక్కు: సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే అంతకుముందు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. చికిత్సకు నెలలు పోయినవాడు ఆ లెక్క తప్పుతాడు. శిక్షణ రోజులనూ ఆ 90లో కలపాలి.

శిక్షణ పేరుతో కూలి ఎగ్గొట్టే కేంద్రాలు పుట్టుకొస్తాయన్న భయం నాకూ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. చికిత్సాలయంలో ఎవరిచేతా బలవంతంగా పని చేయించకూడదనీ, చేసిన పనికి తగిన కూలి ఇవ్వాలనీ అందులో ఉంది. ఆ మాట ప్రతి కేంద్రం గోడమీదా రాయించాలి.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడితే, మరుసటి ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. స్లాబ్ రోజు సీసాలు ఆపడం మనకు అంతకంటే కష్టమా? ఇల్లు కట్టించుకుంటున్నవాళ్ళకు నా విన్నపం ఇదే. స్లాబ్ సాయంత్రం కడుపునిండా భోజనం పెట్టండి, మందుకు పెట్టే డబ్బు కూలిలో కలపండి, మానిన మనిషి ఎవరైనా మీ మేస్త్రీ దగ్గరుంటే తీసేయమనకండి. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియనివాళ్ళకు 14446 నంబరు చెప్పండి, ఆ ఫోన్‌కు డబ్బు పడదు.