శస్త్రచికిత్స తరువాతి వైద్యానికి తెలుగు రాదా?

పురుషదేహంతో పుట్టి స్త్రీగా జీవిస్తున్నవారికి చేసే యోనినిర్మాణ శస్త్రచికిత్సను గురించి తెలుగు పత్రికలలో నేను చదివిన వార్తలన్నీ ఆపరేషన్ బల్ల దగ్గరే ఆగిపోయాయి. ఎన్ని గంటలు పట్టింది, ఎన్ని లక్షలయింది, పేరు ఏమని మార్చుకున్నారు, ఇంతే. ఆ బల్లమీదినుంచి దిగిన మనిషి తరువాతి సంవత్సరమంతా ఏంచేయాలో చెప్పిన వార్త ఒక్కటీ నా కంటబడలేదు. వైద్యంలో సగం ఆ సంవత్సరంలోనే ఉన్నది. ఆ సగాన్ని మనం సిగ్గు పేరుతో ఎగవేస్తున్నామని నా అభియోగం.

విషయం వివరంగానే చెబుతాను. ముక్కు మూసుకోదలచినవారు ఇక్కడే సెలవు తీసుకోవచ్చు.

ఎక్కువగా అనుసరించే పద్ధతిలో కొత్త యోనిమార్గానికి లోపలి పొరగా రోగి చర్మాన్నే అమర్చుతారు. కొత్తగా అతికిన చర్మం మానుతూ మానుతూ ముడుచుకుపోతుంది. అది గాయం స్వభావం. కాలిన చేతికి చర్మం అతికించినవారు వేళ్ళు వంకరపోకుండా నెలల తరబడి పట్టీ కట్టుకోవటం చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ ఆ పట్టీ చేసే పనిని డైలేటర్ చేస్తుంది. నున్నటి గుండ్రని కడ్డీ. సన్నదానినుంచి లావుదానిదాకా వరుసగా కొన్ని ఇస్తారు. లోపల కుక్కిన గుడ్డను సుమారు వారం రోజులకు తీసివేసిన పిమ్మట ఇది మొదలవుతుంది. ఆసుపత్రినిబట్టి లెక్క కొంత మారుతుందిగాని, సాధారణంగా మొదటి మూడునెలలు రోజుకు మూడుసార్లు, ఒక్కొక్కసారి పది నుంచి ముప్పై నిమిషాలు. పిదప క్రమంగా రోజుకొకసారి, రోజు విడిచి రోజు, ఏడాది దాటాక వారానికి ఒకటి రెండుసార్లు. చాలామందికి ఇది జీవితాంతం ఉండే పని. మొదటి నెలల్లో మానివేస్తే మార్గం సన్నబడుతుంది, లోతు తగ్గుతుంది. అలా పోయిన లోతును తిరిగి తెచ్చుకోవటం కష్టం. ఒక్కొక్కప్పుడు మళ్ళీ కత్తికిందికి పోవలసివస్తుంది.

లెక్క వేయండి. మూడునెలలంటే 90 రోజులు, 270 సార్లు. కడుక్కోవటం, పడుకోవటం, తుడుచుకోవటం కలుపుకుంటే రోజులో రెండు గంటలు. గడియ ఉన్న గది కావాలి, నీళ్ళు కావాలి, ఆ గంటలకు సెలవిచ్చే ఉద్యోగం కావాలి. ఇవి ఎవరికున్నాయి?

నా దగ్గర పదవతరగతి తెలుగు మాధ్యమంలో చదువుకున్న ఒకామె ఉన్నది. నాడు హాజరుపట్టీలో అబ్బాయి పేరు. పొరుగురాష్ట్రపు ఆసుపత్రిలో ఈ శస్త్రచికిత్స చేయించుకొని వచ్చి, నలుగురితో కలిసి ఒంటిగది అద్దెయింట్లో ఉంటున్నది. ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన రెండుపుటల కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో ‘వాటర్ బేస్డ్ లూబ్రికెంట్’ వాడమని రాసి ఉంది. ‘వాటర్’ ఒక్కటే ఆమెకు అర్థమయింది.

“నీళ్ళతో తడిపితే చాలనుకున్నా టీచర్. మూడువారాలనుంచీ అట్లాగే చేస్తున్నా. రోజూ రక్తం వస్తోంది, మామూలేనా?” అని ఫోనులో అడిగింది.

రెండుపుటలు తెలుగులో రాయించటానికి ఎంత ఖర్చవుతుంది? లక్షల రూపాయల వైద్యంలో ఆ పాటి కాగితానికి చోటులేకపోయింది. నొప్పికి ఓర్వలేక ఆమె మూడుసార్లను ఒక్కసారికి తగ్గించుకొన్నది, అదికూడా మిగతావారు నిద్రపోయాక, దుప్పటికింద, దీపం లేకుండా. తరువాతి పరీక్షలో మార్గం సన్నబడిందన్నారు; ‘సరిగ్గా చేయలేదు’ అని ఆమెనే మందలించారు.

ఈ సంగతి ఒక భాషాభిమానితో అంటే, “ఇలాంటివి తెలుగులో రాస్తే భాష మైలపడుతుందండీ, ఇంగ్లీషులోనే ఉండనివ్వండి” అన్నారు. నేను భాషాప్రవీణ చదివినదాన్ని. మా పాఠ్యగ్రంథాలైన ప్రబంధాలలో స్త్రీదేహాన్ని నఖశిఖపర్యంతం వర్ణించని కవి అరుదు. ఆ పద్యాలకు ప్రతిపదార్థం చెప్పి పిల్లలచేత పరీక్షలు రాయించాము. శృంగారానికి మైలపడని భాష పుండు మానటానికి మైలపడుతుందా? సుశ్రుతుడు యోనివ్యాపత్తులని ఇరవై రోగాలను పేర్లుపెట్టి చెప్పాడు. అందులో సూచీముఖమంత సన్ననైన ద్వారమూ ఒకటి. పురుషునికి ముందుచర్మం బిగిసి మూత్రం అడ్డగించే నిరుద్ధప్రకశానికి చికిత్స చెబుతూ, ఇనుముతోనో కొయ్యతోనో లక్కతోనో చేసిన గొట్టానికి నెయ్యి పూసి ప్రవేశపెట్టమనీ, మూడేసి రోజులకు మరికొంత లావుపాటిది మార్చమనీ రాశాడు. అంతా మనవాళ్ళే కనిపెట్టారని చాటటానికి ఇది చెప్పటంలేదు. ఆ జబ్బుతో నాకు చాలాకాలంగా విసుగు. వైద్యుడికి సిగ్గుపడే హక్కు లేదని ఆయనకు తెలుసు, మనకు తెలియదు, అంతవరకే నా మాట.

ఇంకొక వర్గం ఉన్నది. “కోరి చేయించుకొన్నారు, పడనివ్వండి” అంటారు వీరు. మోకాలి మార్పిడికూడా కోరి చేయించుకొనేదే. ఆ ముసలాయన ఇంటికి ఫిజియోథెరపిస్టు వచ్చి కాలు వంచితే ఎవరూ ఈ మాట అనరు. అదీగాక ఈ డైలేటర్ ట్రాన్స్‌జెండర్ మహిళలకోసం పుట్టిన వస్తువు కాదు. పుట్టుకతోనే యోనిమార్గం ఏర్పడని ఆడపిల్లలకు కత్తితో పనిలేకుండా కేవలం డైలేటర్లతోనే మార్గం ఏర్పరచే పద్ధతిని ఫ్రాంక్ అనే అమెరికా వైద్యుడు 1938లోనే ప్రకటించాడు. నేడు గర్భాశయముఖద్వార క్యాన్సరుకు రేడియేషన్ పొందిన స్త్రీలకూ లోపల అతుక్కుపోకుండా దీన్నే వాడమంటారు. పెళ్ళయి, పిల్లలను కని, బొట్టుపెట్టుకొని మన పక్కింట్లో ఉండే ఆమె అదే కడ్డీని బీరువాలో చీరలకింద దాచుకొని ఉండవచ్చు. ఆమెకూ తెలుగుకాగితం ఎవరిస్తున్నారు?

సంరక్షణ అంటే ఎరుగని జాతి కాదు మనది. బాలింతకు కాయం, పథ్యం, నడుముకట్టు, చెవులకు దూది, అన్నింటికీ మాటలున్నాయి. రెండు పురుళ్ళు పోసుకొన్నదాన్ని. మా అమ్మ నన్ను గదిదాటనివ్వలేదు. హిజ్రాల ఇళ్ళలో సైతం నిర్వాణం అయినవారికి నలభైరోజుల విశ్రాంతి ఉన్నది, వండిపెట్టేవారున్నారు, నలభయ్యోరోజు పండుగ ఉన్నది. అయితే నిర్వాణంలో కొత్తమార్గం ఏర్పరచరు గనుక ఆ పెద్దలకు డైలేటర్ సంగతి తెలియవలసిన పనిలేకపోయింది. పాత ఇంటి అనుభవం ఇక్కడికి చాలదు. కొత్త ఆసుపత్రి ఆ ఖాళీని పూరించదు.

చట్టం చూద్దామా అంటే, 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టంలో 15వ సెక్షను శస్త్రచికిత్సనూ, దానికి ముందూ తరువాతా కౌన్సెలింగునూ రాసింది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరిట ఏటా 5 లక్షల బీమా ప్రకటించారు. ఆపరేషనుకు ప్యాకేజీ కడతారు సరే. మూడునెలల గది అద్దెకూ పోయిన కూలికీ ఆ లెక్కలో పద్దు ఏది? కేరళలో అనన్య కుమారి అలెక్స్ 2020లో శస్త్రచికిత్స చేయించుకొని, ఏడాదయినా ఎక్కువసేపు నిలబడలేకపోతున్నానని బహిరంగంగా మొరపెట్టుకొని, 2021 జూలైలో ప్రాణం తీసుకొన్నది. ఆసుపత్రివారు తమ పొరపాటు లేదన్నారు. ఆపరేషన్ తరువాత సంవత్సరం పొడవునా మనిషిని చూసే బాధ్యత ఎవరిదని అప్పుడయినా తేల్చవలసింది. హైదరాబాదులో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగటంతో 2025 జనవరిలో మూతపడి, ఆ ఏడాదే వేరే నిధితో, వేరే పేరుతో మళ్ళీ తెరుచుకొన్నది. పుండు నిధులు వచ్చేదాకా ఆగదు.

అన్నిటికన్న నన్ను బాధించేది మరొకటి. లోపలి మార్గం లేకుండా పైరూపం మాత్రమే ఏర్పరచే శస్త్రచికిత్సకూడా ఉన్నది. దానికి డైలేటర్ పని లేదు. ఒంటిగదిలో నలుగురితో ఉండే మనిషికి రెండూ ముందే, ఆమెకు తెలిసిన భాషలో వివరించి, “ఏది కావాలి?” అని అడగాలి. మా అమ్మాయికి రెండోది ఉన్నదని నేను చెప్పేదాకా తెలియదు. తెలిసినా మొదటిదే కోరుకొనేదేమో, అది ఆమె ఇష్టం. అడగకపోవటం మాత్రం అన్యాయం.

మాటల విషయం. ‘వ్యాకోచకం’ అందామని ఒక మిత్రుడన్నారు. వద్దు. మందులషాపులో అడిగేది డైలేటరే, తెలుగులోనూ డైలేటరే. పండితులం చేయవలసినది క్రియాపదాలు సరిగ్గా రాయటం. మా వీధిలో ఉంటున్న ఉద్యోగవిరమణ చేసిన నర్సమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకొని ఆ అమ్మాయి కాగితాన్ని ఇలా తిరగరాశాను:

“చేతులు సబ్బుతో కడుక్కో. డైలేటరును సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో కడిగి తుడువు. మందులషాపులో నీళ్ళలో కరిగే జెల్లీ అని అడిగి తెచ్చుకో. కొనకూ చుట్టూ దండిగా రాయి. వట్టి నీళ్ళు చాలవు. పొడిగా ఎన్నడూ పెట్టకు. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ మెల్లగా పోనియ్యి. గట్టిగా తగిలితే తొయ్యకు, ఆగు. కొద్దిగా ఎర్రచార కనబడితే భయపడకు. గుడ్డ తడిసేటంత రక్తం వచ్చినా, జ్వరం వచ్చినా, చెడువాసన వచ్చినా, మలం అటునుంచి వచ్చినా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు.”

ఇందులో మైల ఎక్కడున్నదో ఆ భాషాభిమాని వేలుపెట్టి చూపించాలి. చదువరులలో వైద్యులెవరైనా ఉంటే పై వాక్యాలను పరిశీలించి, దిద్దవలసినవి దిద్ది పంపండి. అచ్చువేయించటం నేను చూసుకొంటాను.