ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట



వార్షికోత్సవ సంచిక అనగానే క్రమశిక్షణ గురించో, కాలం విలువ గురించో, లక్ష్యసాధన గురించో రాయడం మనకు ఆనవాయితీ. అవన్నీ నాకంటే బాగా రాయగల పెద్దలు ఈ సంచికలో ఉన్నారు. నేను మాత్రం ఒక చిన్న విషయం మీద నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. ఇంట్లోనో, హాస్టల్ స్టడీ రూములోనో ఉన్న పాత కంప్యూటర్ ఒకరోజు తెల్లారేసరికి మొరాయిస్తుంది. నీలం తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోతుంది. ఫలానా సిస్టమ్ ఫైల్ లేదంటుంది, లేదా పాడైపోయిందంటుంది. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఏం చేయాలి? విషయం చిన్నదే. కానీ దాని వెనక మన చదువు, మన డబ్బు, మన ఆత్మవిశ్వాసం ఉన్నాయి.

నేను కంప్యూటర్ సైన్స్ చదివినవాణ్ణి కాదు. ఎం.ఏ. ఆర్థికశాస్త్రం విద్యార్థిని. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి. నాన్న కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద కాపలా పని చేస్తారు. కాబట్టి ఇది నిపుణుడి మాటగా కాక, మీలో ఒకడు అవసరం కొద్దీ నేర్చుకున్న మాటగా చదవండి.

మన ప్రాంతంలో ఈ జబ్బుకు ఒకటే మందు. "ఫార్మాట్ కొట్టాలన్నా" అంటారు. ఏలూరు వెళ్లినా అదే మాట, తాడేపల్లిగూడెం వెళ్లినా అదే మాట. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, ఒక్క ఫైలు చెడిందని మొత్తం తుడిచేయడం మనకు అలవాటైపోయింది. చెరువు గట్టుకు గండి పడితే నాన్న చెరువంతా ఎండగట్టరు. గండి ఎక్కడ పడిందో వెతికి అక్కడ మట్టి బస్తాలు వేస్తారు. ఇంత మామూలు తెలివి కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మనం ఎందుకు వదిలేస్తున్నాం?

అసలు సిస్టమ్ ఫైల్ అంటే ఏమిటి? కంప్యూటర్ లేచి నిలబడటానికి, తెర మీద బొమ్మ రావడానికి, ప్రింటర్‌తో మాట్లాడటానికి కావలసిన వేలాది చిన్న ఫైళ్లు విండోస్‌లో ఉంటాయి. అవి మనం రాసుకున్నవి కావు, దాని సొంత సరంజామా. మన ఉత్తరాలు, ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు వేరు. చెడిపోయేది సాధారణంగా మొదటి రకం. ఫార్మాట్‌తో పోయేది రెండో రకం. తప్పు ఒకరిది, శిక్ష మరొకరికి.

ఇవి చెడిపోవడానికి కారణాలు మన లంక గ్రామాల్లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. రాత్రిపూట చెరువుల మీద ఏరేటర్లు తిరుగుతుంటే మా ఊళ్లో లైట్లు గుడ్డిగా వెలుగుతాయి. వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఫైలు మీద రాత జరుగుతున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగిపోతుంది. నెట్ సెంటర్లన్నీ తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ వైరస్ తెస్తుంది. కొల్లేటి గాలిలో ఉండే తేమకు ర్యామ్ కాళ్లు మసకబారతాయి. హార్డ్ డిస్క్ వయసు మీద పడి కొన్ని గడులు చదవలేని స్థితికి వస్తుంది. ఇన్ని కారణాలుంటే అన్నిటికీ ఒకటే మందు ఎలా పనిచేస్తుంది? ర్యామ్ చెడ్డ కంప్యూటర్‌ను పదిసార్లు ఫార్మాట్ చేసినా పదకొండోసారీ అదే నీలం తెర వస్తుంది.

మా ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. 2020లో కరోనా వచ్చి తరగతులన్నీ ఆన్‌లైన్ అయినప్పుడు మా మావయ్య కొనిచ్చాడు. రెండేళ్లు బాగానే పనిచేసింది. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు అది ఆన్ కాకపోతే తమ్ముడు దాన్ని సైకిల్ మీద కట్టుకుని పట్నంలో ఒక షాపుకు తీసుకెళ్లాడు. వాళ్లు లోపల ఏముందని అడగలేదు. సాయంత్రానికి ఫార్మాట్ చేసి, మూడు వందలు తీసుకుని ఇచ్చేశారు. కంప్యూటర్ కొత్తదానిలా వచ్చింది. కానీ అందులో అక్క సర్టిఫికెట్ల స్కాన్లు పోయాయి. అవి మళ్లీ చేయించుకున్నాం. చెరువులు తవ్వకముందు కొల్లేరు ఎలా ఉండేదో, పడవల మీద ఎక్కడెక్కడికి వెళ్లేవారో నానమ్మ చెబుతుంటే ఫోనులో రికార్డు చేసి అందులో దాచాం. అది కూడా పోయింది. నానమ్మ ఇప్పుడు లేదు. దాన్ని మళ్లీ చేయించుకునే చోటు ఏదీ లేదు.

ఇక్కడ ఒక రహస్యం తెలుసుకోవాలి. "సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీ డేటా ఎక్కడికీ పోదు" అని చాలామంది ధైర్యం చెబుతారు. డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో మనం దాచుకున్నదంతా మామూలుగా ఆ సి డ్రైవ్‌లోనే ఉంటుంది. మనలో ఎక్కువమంది దాచుకునేది అక్కడే.

మరమ్మతు మార్గం లేకపోతే ఫార్మాట్‌ను తప్పుపట్టలేం. కానీ మార్గం ఎప్పటినుంచో ఉంది. చెడిన సిస్టమ్ ఫైళ్లను వెతికే పనిముట్టు విండోస్ 98లోనే ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో అది సీడీ పెట్టమని అడిగేది. సర్వీస్ ప్యాక్ కలవని సీడీ పెడితే ఒప్పుకునేది కాదు. అందుకే అప్పట్లో జనం విసుగెత్తి ఫార్మాట్‌కు అలవాటుపడి ఉంటారని నా ఊహ. విస్టా నుంచి మంచి ప్రతులు హార్డ్ డిస్క్‌లోనే ఒక పక్కన ఉంటున్నాయి. కాలం మారింది, మన అలవాటు మారలేదు.

చేయవలసిన పని వరుసగా చెబుతాను. జూనియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు.

మొదటిది, కంగారు పడకుండా తెర మీద వాక్యాన్ని కాగితం మీద రాసుకోవాలి, లేదా ఫొటో తీసుకోవాలి. తర్వాత పెట్టి ఉన్న పెన్‌డ్రైవులు తీసేసి మళ్లీ ఆన్ చేయాలి. ఎక్స్‌పీ కాలం యంత్రాల్లో "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తే చాలాసార్లు అసలు దోషం మరిచిపోయిన పెన్‌డ్రైవే.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మన ఫైళ్లను బయటకు తీసుకోవడం. విండోస్ తెరుచుకోకపోయినా ఇది సాధ్యమే. ఉచితంగా దొరికే లైనక్స్‌ను వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, దానితో మన కంప్యూటర్‌ను ఆన్ చేస్తే హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లు మామూలుగా కనిపిస్తాయి. వేరే పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసుకోవాలి. హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇక ఏ ప్రయోగమూ వద్దు. చదవగలిగినంత కాపీ చేసుకుని డిస్క్ మార్చాలి.

మూడోది, ఒంటి జబ్బు చూడటం. ప్లగ్ తీసేసి, దుమ్ము దులిపి, ర్యామ్‌ను బయటకు తీసి, దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి మళ్లీ గట్టిగా బిగించాలి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరి రోజున ఇలా జరిగితే ఇంటర్నెట్‌ను తిట్టుకుంటాం గాని, దోషం ఆ బిళ్లది.

నాలుగోది, అసలు వైద్యం. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. చెక్‌డిస్క్ ఆదేశంతో డిస్క్ లెక్కలు సరిచూసుకోవాలి. విండోస్ 8, 10 ఉన్నవారు ముందు "డిస్మ్" అనే ఆదేశాన్ని రీస్టోర్‌హెల్త్ తోక తగిలించి నడపాలి. అది దాచిపెట్టిన మంచి ప్రతులు నిజంగా మంచివో కాదో చూసి, లోటుంటే ఇంటర్నెట్ నుంచి గాని, అదే వెర్షన్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ నుంచి గాని తెచ్చుకుంటుంది. ఆ తర్వాత "ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ" నడపాలి. విండోస్ 7 వారు నేరుగా ఇదే నడపవచ్చు. పాత యంత్రంలో ఇది గంట కూడా పట్టవచ్చు. మధ్యలో ఆపవద్దు. చివరకు సాధారణంగా మూడు మాటల్లో ఒకటి చెబుతుంది: దోషం లేదు, దోషం ఉంటే బాగుచేశాను, కొన్ని బాగుచేయలేకపోయాను. మూడోది వచ్చినా ఫార్మాట్ అక్కర్లేదు. విండోస్ 10లో అయితే ఫైళ్లు అలాగే ఉంచి విండోస్‌ను మాత్రం పైన మళ్లీ పరిచే మరమ్మతు పద్ధతి ఉంది. అది కూడా విఫలమైతే, ఫైళ్లు బయట భద్రంగా ఉన్నాయి కాబట్టి, అప్పుడు ఫార్మాట్ కొట్టండి. ఆఖరి మందుగా దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఒక హెచ్చరిక. లేని ఫైలు పేరు ఇంటర్నెట్‌లో కొట్టి, ఎవరో పెట్టిన డీఎల్ఎల్‌ను దించుకుని అతికించవద్దు. దొంగకు తాళం చెవి ఇచ్చినట్టే.

"ఇదంతా పేదవాళ్ల తిప్పలు, పెద్ద కంపెనీల్లో ఇలా చేస్తారా?" అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. 2024 జూలై 19న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మరి అన్నిటినీ ఫార్మాట్ చేశారా? చాలాచోట్ల సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ చెడ్డ ఫైలును తీసేసి, మళ్లీ ఆన్ చేశారు. అంతే. గండి వెతికి మట్టి వేశారు.

ఇంకొందరు "ఇప్పుడు ఫోన్ ఉంటే చాలు, పాత డబ్బాలెందుకు?" అంటారు. ఫోన్‌లో పాట వినవచ్చు, పాఠం కూడా వినవచ్చు. అరవై పేజీల ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసి చూడండి, తేడా తెలుస్తుంది. మనం రాసే పోటీ పరీక్షలు కూడా చాలావరకు కంప్యూటర్ ముందే. మౌస్ పట్టడం పరీక్ష హాల్లో నేర్చుకోవలసిన గతి మన పిల్లలకు పట్టకూడదు.

వారి వాదనలో నిజం లేకపోలేదు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11ను మన పాత యంత్రాలు చాలావరకు మోయలేవు. మద్దతు లేని యంత్రంతో బ్యాంకు లావాదేవీలు చేయడం మంచిది కాదు. కానీ టైపింగ్‌కు, చదువుకు, అభ్యాసానికి అది ఇంకా పనికొస్తుంది. ఇంటర్నెట్ కావాలంటే తేలికపాటి లైనక్స్ వేసుకోవచ్చు. మన డీటీపీ సెంటర్లనే చూడండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. దానిమీద అను ఫాంట్లతో నిన్నమొన్నటిదాకా శుభలేఖలు కొట్టి కుటుంబాలు పోషించుకున్నవారు ఎందరో! పాతదని పారేయకుండా దాన్ని కాపాడుకోవడం వారికి తెలుసు.

కాబట్టి ఈ వార్షికోత్సవ సందర్భంగా నా విన్నపాలు మూడు.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు: మీ ఆఫీసు తీసేసే కంప్యూటర్ హాస్టల్‌కు ఇస్తే మాకు సంతోషం. దానితోపాటు ఒక ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్, ఒక చిన్న యూపీఎస్ కూడా ఇవ్వండి. అవి లేని దానం ఆరు నెలల్లో గుడ్డ కప్పుకుని మూల చేరుతుంది.

వార్డెన్ గార్లకు: పిల్లలు పాడుచేస్తారని కంప్యూటర్ గదికి తాళం వేయకండి. ఇదివరకే పాడైన ఒక యంత్రాన్ని వారి చేతికిచ్చి విప్పనివ్వండి. దానికి కొత్తగా పోయేదేమీ లేదు.

హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: నెలకు ఒక ఆదివారం సీనియర్లు కూర్చుని జూనియర్లకు పైన చెప్పిన నాలుగు మెట్లూ చేయించండి. వినిపించడం కాదు, చేయించడం. ఈ విద్యకు ఇంగ్లీషు మీడియం అక్కర్లేదు, కోచింగ్ ఫీజు అక్కర్లేదు. తెర మీది వాక్యాన్ని భయపడకుండా చివరిదాకా చదివే ఓపిక చాలు.

మన తాతలకు అక్షరం రాదని కాగితం మీద ఏముందో చెప్పకుండానే వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ కాగితం చదవడానికే మనల్ని బడికి పంపారు. ఇప్పుడు తెర మీద ఏముందో చదవకుండా "నీకు తెలియదులే, ఫార్మాట్ కొట్టేస్తాం" అంటే తల ఊపి వచ్చేయడం నాకు ఆ వేలిముద్రలాగే అనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి "ఏ ఫైలు పోయిందండీ?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడం మన హక్కు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.