హీరోలు గెలిచారు... లీగే మిగల్లేదు!

బి.కొత్తకోటలో ఓ కుర్రాడు బంతిని బాగా స్వింగ్ చేస్తాడనుకుందాం. సంక్రాంతి సెలవుల్లో టెన్నిస్ బంతి టోర్నీల్లో పేరు తెచ్చుకుంటాడు. మదనపల్లె జట్టువాళ్లు పిలిచి ఆడిస్తారు. పుంగనూరు వెళ్తాడు, కుప్పం వెళ్తాడు. ఆ తర్వాత? జిల్లా జట్టు ఎంపికలు. అక్కడ నెగ్గితే సౌత్‌జోన్, అదీ దాటితే ఆంధ్రా రంజీ జట్టు. రాష్ట్రం మొత్తానికీ అందులో ఉండే చోట్లు పదిహేనో పదహారో. ఆ గడప దాకా వెళ్లి ఆగిపోయినవాడికి ఆట కూడు పెట్టదు. పాతికేళ్లొచ్చేసరికి కిట్టు అటకెక్కుతుంది.

అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాళ్లకు ఈ ఇబ్బందికి ఓ మందుంది. పెద్ద లీగు కింద మైనర్ లీగులు. చిన్నచిన్న పట్టణాలకూ సొంత జట్లు, వాటిలో ఆడేవాళ్లకు జీతాలు. మహా గొప్ప జీతాలేం కావు. అయినా నెల తిరిగేసరికి చేతిలో డబ్బు పడుతుంది. వందేళ్లకు పైగా ఆ ఏర్పాటు నడుస్తోంది. మన క్రికెట్లో ఆ నడిమి మెట్టు చాలాకాలం లేదు. 2007లో ఒకటి వచ్చినట్టే వచ్చింది. అదే ఇండియన్ క్రికెట్ లీగ్... ఐసీఎల్. అందులో తెలుగువారి జట్టు పేరు హైదరాబాద్ హీరోస్.

ఆ ఏడాది మార్చిలో భారత జట్టు ప్రపంచకప్ తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది. అభిమానులు మండిపడుతున్న సమయం. ఏప్రిల్లో ఎస్సెల్ గ్రూపు అధినేత సుభాష్ చంద్ర కొత్త లీగు ప్రకటించారు. దేశభక్తి ఒక్కటే కారణమనుకుంటే పొరపాటే. భారత క్రికెట్ ప్రసార హక్కుల కోసం ఆయన జీ సంస్థ అంతకుముందు గట్టిగా ప్రయత్నించింది, దక్కలేదు. ఆట అమ్మనప్పుడు ఆటనే తయారుచేసుకుంటే సరి అనుకున్నారన్నమాట. ముప్ఫై ఏళ్ల కిందట ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ చేసిందీ అదే. అప్పట్లో ప్యాకర్‌ పక్కన నిలబడిన టోనీ గ్రెగ్ ఐసీఎల్ బోర్డులోనూ ఉన్నారు. పెద్ద తలకాయ మాత్రం కపిల్‌దేవ్.

బీసీసీఐ ఊరుకుంటుందా? కపిల్‌ని జాతీయ క్రికెట్ అకాడమీ అధ్యక్ష పదవి నుంచి తీసేసింది. ఐసీఎల్లో చేరినవాళ్లకు రంజీ తలుపులు, భారత జట్టు తలుపులు రెండూ మూసేసింది. తన అధీనంలోని స్టేడియాల్లో అడుగు పెట్టనివ్వలేదు. అప్పటి రైల్వేమంత్రి లాలూ ప్రసాద్ రైల్వే మైదానాలు ఇస్తానని ముందుకొచ్చారు. తొలి టోర్నీ మాత్రం 2007 నవంబరు 30న హర్యానాలోని పంచకులలో మొదలైంది.

ఇంత తెలిసీ హైదరాబాద్ రంజీ ఆటగాళ్లు ఒకరూ ఇద్దరూ కాదు, గుంపుగా వెళ్లారు. వికెట్‌కీపర్ ఇబ్రహీం ఖలీల్, పేసర్ ఆల్ఫ్రెడ్ అబ్సలం, శశాంక్ నాగ్, ఇందర్ శేఖర్‌రెడ్డి... అందరికన్నా ఆశ్చర్యపరిచిన పేరు అంబటి రాయుడు. గుంటూరులో పుట్టిన ఈ కుర్రాడు పదిహేడేళ్లకే, 2002లో, ఆంధ్రాతో ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ కొట్టాడు. 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు కెప్టెన్. రేపోమాపో పెద్ద జట్టులోకి వస్తాడనుకున్నవాడు 21 ఏళ్ల వయసులో నిషిద్ధ లీగువైపు నడిచాడు. తొందరపాటన్నవాళ్లున్నారు. కానీ అప్పటికే క్రికెట్ సంఘంతో గొడవలు, మధ్యలో ఓ సీజన్ ఆంధ్రాకు వెళ్లి రావడం, ఎదురుచూపులు. ఆ కుర్రాళ్లలో చాలామందికి భారత జట్టు అందని ద్రాక్ష. రంజీలో మ్యాచ్ ఆడితేనే డబ్బు, గాయమైతే లేదు. ఐసీఎల్ ఇచ్చింది ఒప్పందం, నికరమైన ఆదాయం. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేనివాళ్లు వెళ్లడంలో వింతేముంది? రాయుడికి మాత్రం పోగొట్టుకోవడానికి చాలా ఉంది.

మైదానంలో మాత్రం హీరోస్ పేరు నిలబెట్టుకున్నారు. న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ క్రిస్ హారిస్ కెప్టెన్. పాకిస్థాన్ నుంచి అబ్దుల్ రజాక్, కర్ణాటక నుంచి రోజర్ బిన్నీ కొడుకు స్టువర్ట్ బిన్నీ. 2008 మార్చిలో మొదలైన టోర్నీలో హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలోనూ మ్యాచ్‌లు జరిగాయి. అది ప్రభుత్వ స్టేడియం కాబట్టి క్రికెట్ బోర్డు తాళాలు అక్కడ పనిచేయలేదు. ఫైనల్లో ఎదురైంది ఇంజమామ్ సారథ్యంలోని లాహోర్ బాద్‌షాస్, దాదాపు పాకిస్థాన్ జట్టే! మూడు ఫైనల్స్‌లో రెండు గెలిస్తే కప్పు. మొదటిది హీరోస్ గెలిచారు. రెండోది టై. డర్బన్‌లో ధోనీసేన పాకిస్థాన్‌ను ఓడించిన పద్ధతే, బౌల్-అవుట్, అక్కడా తేల్చింది. వికెట్లు పడగొట్టిందీ, కప్పు పట్టుకుందీ హైదరాబాదే.

అది ఏప్రిల్ తొలి వారం. అదే నెల 18న బెంగళూరులో ఐపీఎల్ మొదలైంది. బోర్డు తెలివితేటలు అక్కడున్నాయి. నిషేధంతో ఆగకుండా, అవతలివాడి ఆలోచననే తీసుకుని పదింతలు చేసింది. సినిమా తారలు, పారిశ్రామికవేత్తలు, వేలంపాట... ఆ వెలుగులో హీరోస్ కప్పు ఎవరికి కనిపిస్తుంది? తమాషా ఏమిటంటే, హైదరాబాద్‌కే చెందిన దక్కన్ ఛార్జర్స్ ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. ఊళ్లో గెలిచిన జట్టుకు గుర్తింపు లేదు, గుర్తింపున్న జట్టుకు గెలుపు లేదు.

తర్వాతి కథ వేగంగా ముగిసింది. ఐసీఎల్‌కు వెళ్లిన తమ ఆటగాళ్లపై బంగ్లాదేశ్ పదేళ్ల నిషేధం వేసింది. న్యూజిలాండ్ పేసర్ షేన్ బాండ్ బోర్డు కాంట్రాక్టు పోగొట్టుకున్నాడు. 2008 నవంబరులో ముంబయి దాడులతో జరుగుతున్న టోర్నీ ఆగిపోయింది. మళ్లీ లీగు లేవలేదు. డబ్బులు పూర్తిగా అందలేదని పలువురు ఆటగాళ్లు బాహాటంగానే చెప్పారు. 2009 ఏప్రిల్లో బీసీసీఐ క్షమాభిక్ష ప్రకటించింది. మే 31లోగా ఐసీఎల్‌తో తెగతెంపులు చేసుకుంటే దేశవాళీ క్రికెట్ ఆడుకోవచ్చు, భారత జట్టుకు మాత్రం ఏడాది ఆగాలి. డెబ్బై మందికి పైగా వెనక్కి వచ్చారు.

వెనక్కి రావడం వేరు, పోయిన కాలం రావడం వేరు. స్టువర్ట్ బిన్నీ 2014లో బంగ్లాదేశ్‌పై 4 పరుగులకే 6 వికెట్లు తీసి వన్డేల్లో భారత రికార్డు రాశాడు. రాయుడు 2010లో ముంబయి ఇండియన్స్‌లో చేరాడు. భారత వన్డే జట్టులో అడుగుపెట్టింది 2013 జులైలో, హరారేలో. తొలి మ్యాచ్‌లోనే అజేయంగా 63. మొత్తం 55 వన్డేలు, సగటు 47కు పైనే. టెస్టు ఒక్కటీ లేదు. ముంబయితో మూడు, చెన్నైతో మూడు ఐపీఎల్ కప్పులు గెలిచి 2023లో బ్యాటు పక్కన పెట్టాడు. ఇబ్రహీం ఖలీల్‌కో, అబ్సలంకో భారత జట్టు పిలుపు రానేలేదు.

ఇంకో లీగుకు చోటివ్వకపోవడం న్యాయమేనా అన్న ప్రశ్న మరో దారిలో తేలింది. ఐపీఎల్‌కు పోటీగా ఇంకో లీగును అనుమతించబోమని ప్రసార హక్కులు కొన్నవారికి బీసీసీఐ రాసిచ్చిన షరతు తప్పంటూ కాంపిటీషన్ కమిషన్ 2013 ఫిబ్రవరిలో రూ.52.24 కోట్ల జరిమానా వేసింది. అప్పీలులో ఆ ఉత్తర్వు కొట్టేసినా, 2017 నవంబరులో కమిషన్ మళ్లీ అదే మొత్తం విధించింది. అప్పటికి ఐసీఎల్ పేరు తలచుకునేవాళ్లే తక్కువ.

నడిమి మెట్టు చివరికి సంఘాల చేతుల మీదుగానే వచ్చింది. కర్ణాటక 2009లో, తమిళనాడు 2016లో సొంత టీ20 లీగులు పెట్టుకున్నాయి. ఆ రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పం కుర్రాడు టీవీలో అవి చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఆంధ్రా ప్రీమియర్ లీగ్ 2022 జులైలో విశాఖలో మొదలైంది. ఆరు జట్లు, అందులో ఒకదాని పేరు రాయలసీమ కింగ్స్. బోర్డు అనుమతి ఉన్న లీగు కాబట్టి, ఇక్కడ ఆడినందుకు రంజీ తలుపు మూసుకోదు. 2024 వేలంలో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి ధర రూ.15.6 లక్షలు పలికింది. ఆ డిసెంబరులోనే అతను మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు.