పట్టా మీది బండియు, పట్టా లేని బండియు

గత వేసవి సెలవులలో మా విద్యార్థి యొకడు అమెరికా దేశమందలి కాలిఫోర్నియా రాష్ట్రమున నివసించు తన పినతండ్రిగారి యింటికి పోయి వచ్చెను. అచ్చట రెండు వినోదోద్యానములలో తాను మోటారు బండ్లు నడిపితినని బడి తెరచిన నాడు వాడు చెప్పగా, తరగతి యంతయు వాని చుట్టును మూగెను. మొదటిది డిస్నీలాండులోని ఆటోపియా. రెండవది లెగోలాండులోని డ్రైవింగు పాఠశాల. ఈ రెంటిలో నేది మేలైనదని వాదము పుట్టెను. పెక్కుమంది ఆటోపియా పక్షము వహించి, తుదకు మమ్ము తీర్పు చెప్పుమనిరి. అంతలో గంట మ్రోగుటచే ఆ దినము తప్పించుకొంటిమి. కాని విద్యార్థి యడిగిన ప్రశ్న ఉపాధ్యాయునకు అప్పు వంటిది, తీర్పక విడువరాదు. కావున మా యభిప్రాయమును ఈ సంచికలో తెలుపుచున్నాము.

ముందుగా ఆటోపియా చరిత్రను తెలిసికొందము. వాల్టు డిస్నీగారు అనాహైము పట్టణమున 1955 జూలై 17వ తేదీన డిస్నీలాండును తెరచిన నాడే ఇదియు తెరవబడెను. ఆ చిన్న కార్లకు రూపకల్పన చేసినవాడు బాబ్ గర్ అను యువకుడు. అమెరికా దేశమంతట మహామార్గములు వేయుటకు గావలసిన శాసనముపై అధ్యక్షుడు ఐసెన్‌హోవరుగారు సంతకము చేసినది మరుసటి సంవత్సరము, అనగా 1956లో. అట్టి రాబోవు కాలపు రహదారిని ముందుగానే పిల్లల కనుల ముందుంచుట ఆటోపియా యుద్దేశము. తొలి దినములలో త్రోవ నడుమ పట్టా లేదు. పిల్లలు తమ యిచ్చ వచ్చినట్లు తోలిరి. ఒకరి బండిని మరియొకరు గ్రుద్దిరి. బండ్లు దెబ్బతిని మూలబడెను. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట త్రోవ నడుమ నొక పట్టా పరచిరి. నాటినుండి బండి దానిని విడిచి పోజాలదు. స్టీరింగు చక్రమును ఎంత త్రిప్పినను, కొంచెము ప్రక్కకు జరిగి, పట్టాకు తగిలి, మరల దారికి వచ్చును. వేగము గంటకు సుమారు 7 మైళ్లు మాత్రమే.

ఈ ఆటోపియాకు తోబుట్టువులు పెక్కు గలవు. ఫ్లోరిడా రాష్ట్రమున 1971 అక్టోబరు 1వ తేదీన ‘గ్రాండ్ ప్రీ రేస్‌వే’ అను పేరుతో నొకటి వెలసెను. దాని నేటి పేరు ‘టుమారోలాండ్ స్పీడ్‌వే’. అనాహైములోనిది రహదారి వంటిదైతే, ఇది పందెపు బాట వంటిది. అయినను పేరుకే పందెము. తన వరుసలో ముందున్న బండిని ఏ బండియు దాటజాలదు. జపాను దేశమున టోక్యో డిస్నీలాండుతో పాటు 1983లో తెరవబడిన ‘గ్రాండ్ సర్క్యూట్ రేస్‌వే’ కూడ పందెపు బాటయే. అది 2017 జనవరిలో మూయబడగా, ఆ స్థలమున ఒక కన్యకయు ఒక మృగరూపుడును గల కథతో క్రొత్త వినోద మొకటి 2020లో వెలసెను. పారిసునగరము చెంత 1992లో తెరవబడిన ఆటోపియాలో, 1950ల నాటివారు ఊహించిన భవిష్యత్కాలపు కార్లను తలపించు బండ్లు నడచుచున్నవి. హాంకాంగులో 2006లో తెరచినదానిలో పెట్రోలునకు బదులు విద్యుచ్ఛక్తిని వాడిరి. అదియు 2016లో మూతబడెను. అనాహైములో సైతము పెట్రోలు యంత్రములను తీసివేయుదుమని 2024లో ప్రకటించిరి.

ఇట్లు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క వేషము. ఒకచోట రహదారి, వేరొకచోట పందెము. ఒకచోట పొగ, వేరొకచోట విద్యుత్తు. అన్నింటికిని సామాన్యమైనది మాత్రము నడిమి పట్టాయే. కావున ఈ తోబుట్టువులలో నేది మేలని వాదించుట కంటె, పట్టా గల బండి మేలా, లేని బండి మేలా యని విచారించుటయే యుక్తము.

పట్టా లేని బండి లెగోలాండులో నున్నది. ఈ యుద్యానములలో మొదటిది డెన్మార్కు దేశమందలి బిల్లుండులో 1968లో తెరవబడెను. పిల్లలకు రహదారి నియమములు నేర్పు పాఠశాల అచ్చట నాటినుండియు కలదు. మా విద్యార్థి చూచినది కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడునందు 1999లో తెరవబడినది. 6 మొదలు 13 సంవత్సరముల వరకు వయస్సు గల పిల్లలు ఇందు ఒంటరిగ చిన్న విద్యుత్ కార్లను నడుపుదురు. ముందుగా వారిని కూర్చుండబెట్టి నియమములు చెప్పుదురు. పిమ్మట ఎర్ర దీపమునకు ఆగవలెను, పచ్చ దీపమునకు కదలవలెను, తన వైపునే పోవలెను. తలిదండ్రులు వెలుపల నిలిచి చూడవలసినదే. ముగిసిన తరువాత ఒక లైసెన్సు కార్డు లభించును.

మా విద్యార్థులు ఆటోపియా పక్షమున చెప్పిన మాటలు త్రోసివేయదగినవి కావు. అది పెద్ద బండి, నిజమైన యంత్రపు చప్పుడు గలది, దారియు పొడుగు. 54 అంగుళముల ఎత్తు లేని బాలుడు సైతము పెద్దవారి ప్రక్కన కూర్చుండి చక్రము పట్టుకొనవచ్చును. నాలుగేండ్ల పసివానికి ఆ చక్రము పట్టుటయే రాజ్యలాభము. లెగోలాండులో నన్ననో, ఒకడు ఆగిన వెనుకనున్న వారందరును ఆగవలెను. తెలియనివాడు అడ్డము తిరిగి నిలుచును. ఇవన్నియు నిజమే.

అయినను ఆ బాలుడు చెప్పిన రెండు మాటలు మాకు తీర్పును సులభము చేసినవి. ఆటోపియాను గూర్చి, “చక్రము వదలి చూచితినండి, అయినను బండి దాని దారిని అదియే పోయినది” అనెను. లెగోలాండును గూర్చి, “ఎర్ర దీపము వెలిగినప్పుడు ఎదుట ఎవరును లేరండి, అయినను ఆగితిని” అనెను. మొదటిచోట బండి తప్పు చేయలేదు. రెండవచోట బాలుడు తప్పు చేయలేదు. ఈ రెంటికి నడుమ ఎంతయో భేదము కలదు.

పట్టాను తీసివేసిన చాలునని మేము చెప్పుట లేదు. 1955లో పట్టా లేదు; పాఠమును లేదు. కావుననే బండ్లు విరిగెను. విరిగిన పిమ్మట వారు పాఠమునకు బదులు పట్టాను తెచ్చిరి. వేలకొలది జనులు వచ్చు వినోదస్థలమునకు అది తగిన యుపాయమే కావచ్చును. కాని బడియు, ఇల్లును వినోదస్థలములు కావు.

ఈ మాట యితరులకు చెప్పుటకు ముందు మా తప్పును ఒప్పుకొనవలెను. శిక్షణ కళాశాలనుండి వచ్చిన క్రొత్తలో మేము వ్యాసములన్నియు మేమే చెప్పి వ్రాయించితిమి. పిల్లలు కంఠస్థము చేసి పరీక్షలో తప్పు లేకుండ వ్రాసిరి. మాకు పేరు వచ్చెను. ఆ తరగతిలో మొదటివాడుగా నిలిచిన బాలుడు కళాశాలలో చేరిన తరువాత ఒకనాడు మాయొద్దకు వచ్చి, తండ్రిగారి జబ్బును తెలిపి, సెలవు చీటి వ్రాసి యిమ్మని యడిగెను. ఆ బాలుడు సిగ్గుపడలేదు, మేమే సిగ్గుపడితిమి. వాని చేతికి కలము నిచ్చితిమే గాని, దాని క్రింద పట్టాను తీయ మరచితిమి.

తలిదండ్రులకు సైతము ఒక మనవి. కొందరు ఇంటిలో ప్రతి చిన్న పనికిని పట్టా పరచి, ఒకనాడు హఠాత్తుగా మోటారు సైకిలు తాళపు చెవిని పదునేనేండ్ల కుమారుని చేతిలో నుంచుచున్నారు. 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము, మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునకు 25,000 రూపాయల జరిమానాయు, 3 సంవత్సరముల వరకు కారాగారమును విధింపవచ్చును. చట్టము మాట యటుండనిండు. నిన్నటి వరకు చక్రము వదలినను బండి తానే పోవుననుకొన్న బాలునకు, నేడు పట్టా లేని రహదారి యెట్లు తెలియును? చిన్న పనులలో చిన్న తప్పులు చేయనిచ్చి, నియమమును మనస్సున నాటి, అటుపిమ్మట పెద్ద పని నప్పగించుట క్షేమము.

ప్రియ విద్యార్థులారా, మీ వాదమునకు మా తీర్పు ఇది. వేడుకకు ఆటోపియా మేలు. పసివారికి మరియు మేలు. పెరుగగోరు వారికి మాత్రము లెగోలాండులోని చిన్న బండియే మేలు. ఎదుట ఎవరును లేని కూడలియందు ఎర్ర దీపమునకు ఆగిన మీ తోడి విద్యార్థి ఆ దినమున నిజముగ బండి నడిపెనని మేము నమ్ముచున్నాము.